పక్షుల్ని తోలిన తల్లి

ఫిబ్రవరి 11, మంగళవారం
వినుకొండ

కరుణ కొడుకు బైక్ ప్రమాదంలో పోయి నెలయింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

స్కూల్లో కలిసి పనిచేసినన్నాళ్లూ, నేను బైబిల్‌ని చరిత్ర కోసం, మనుషుల కథల కోసం చదువుతానంటే తనకి కోపమే. "దేవుడి వాక్యాన్ని నవల్లా చదువుతావేంటక్కా?" అనేది.

ఇవాళ తనే ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పాస్టరుగారు రోజూ వచ్చి అర్థం చెబుతున్నారక్కా. నువ్వు ఉత్త కథ చెప్పు. రాజు ఉరికి అప్పగించిన కొడుకుల శవాల దగ్గర కూర్చుందే, ఆ తల్లి కథ."

చెప్పాను. ఆవిడ బండ మీద గోనెపట్ట పరుచుకుని, పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు.

"ఎన్నాళ్లు కూర్చుంది?"

"యవల కోతలు మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా."

"అంటే మన మిరపకోతల నుంచి తొలకరి దాకా..." వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. "లేచి అన్నం తినమని ఆవిణ్ణెవరూ అనలేదా?"

అలా అన్నట్టు రాసి లేదన్నాను.

"మరి నన్ను మూడో రోజే లేవమన్నారేంటక్కా?"

ఆ కథ ఎన్నిసార్లు చదివానో. దాని వెనకున్న రాజుల పగల గురించి నోట్సు కూడా రాసుకున్నాను. మూడో రోజు తనని రెక్క పట్టుకుని లేపింది నేనే.