కుక్కరు కూయని పారాయణ

న్యూ టౌన్, కలకత్తా, మంగళవారం

చిరంజీవి సాకేత్‌కు,

హైమత్తయ్య దీవెనలు. శుక్రవారాలు మా ఆడవాళ్ళం కంప్యూటరులో కలుసుకుని లలితా సహస్రనామం చదువుతున్నాం. ముందు నేను చెబుతాను, తరువాత అందరూ అందుకుంటారు. వాట్‌గంజ్ అప్పలకొండమ్మగారు తుంటి విరిగి మంచం దిగలేకపోతున్నారు. రికార్డు చేసి పంపితే మనవరాలి ఫోనులో వింటానన్నారు. కంప్యూటరు పక్కన నా ఫోను పెట్టి రికార్డు చేశాను. తీరా చూస్తే నామాల మధ్య మా కుక్కరు కూస్తోంది. కింద చేపలాయన పులసలమ్ముతూ ఇలిష్, ఇలిష్ అని అరుస్తున్నాడు. సిగ్గుపడుతూనే పంపాను. కంప్యూటరులో వచ్చే శబ్దాన్ని మాత్రమే పట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పు.

నీ మేలు కోరే
హైమత్తయ్య

తా.క.: మీ మామయ్య గురక కూడా పడింది. శ్రుతి తప్పలేదు.

బడ్జ్ బడ్జ్, బుధవారం

అత్తయ్యకు నమస్కారం.

అలాంటిది ఉంది. ఉచితమే, లింకు పంపాను. ఎర్ర బటన్ నొక్కితే కంప్యూటరు వినిపించేది తప్ప ఇంకేమీ పడదు.

మీ
సాకేత్

తా.క.: మామయ్యను వేరే గదిలోకి పంపనక్కరలేదు.

న్యూ టౌన్, ఆదివారం

నాయనా సాకేత్,

రికార్డు అద్దంలా వచ్చింది, వెంటనే పంపాను. సాయంత్రం అప్పలకొండమ్మగారు ఫోన్ చేశారు. "అందరూ ఉన్నారు గానీ, మీరేటమ్మా రాలేదు? ఒంట్లో బాగోలేదా?" అన్నారు. విన్నాను. నిజమే. అందరి గొంతులూ ఉన్నాయి, నాది ఒక్కటే లేదు. ఆ రోజు పారాయణకు ముందు అర గ్లాసు కాఫీ తాగాను. అమ్మవారు చూడలేదనుకున్నాను. ఇకపై ముందు చెప్పే పని మాతో చదివే జయలక్ష్మిగారికి అప్పగిద్దామని అనుకుంటున్నాను.

హైమత్తయ్య

తా.క.: మామయ్యకు కంప్యూటరులో మెసేజి వచ్చినప్పుడల్లా టింగుమన్నది కూడా పడింది. గంట ఎవరు కొట్టారని ఆవిడ అడిగారు. మామయ్యే అన్నాను, అబద్ధం కాదు.

బడ్జ్ బడ్జ్, ఆదివారం రాత్రి

అత్తయ్యా,

తొందరపడి ఎవరికీ ఏమీ అప్పగించకండి. మీ గొంతు మీ కంప్యూటరులోంచి అవతలివాళ్ళకు వెళుతుంది, మీకు తిరిగి వినిపించదు. వినిపించనిది రికార్డులో పడదు. సెట్టింగుల్లో మైకు గుర్తు పక్కన టిక్ పెట్టండి.

సాకేత్

తా.క.: కాఫీ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

న్యూ టౌన్, గురువారం

చిరంజీవి సాకేత్‌కు,

ప్రాణం కుదుటపడింది. టిక్ పెట్టి, ఒక్కదాన్నే కొన్ని నామాలు చదివి చూశాను. శుభ్రంగా పడ్డాయి. ఈసారి బాగా వస్తుందని చెబుదామని అప్పలకొండమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడ "అది వద్దమ్మా. ముందు కుక్కరు కూసింది పంపినారు కదా, అలాటిదే పంపండి. అది ఇంటుంటే మంచం మీదున్నట్టుండదు. మీ వంటింటి గుమ్మంలో కూకున్నట్టుంటాది" అన్నారు.

నీ సాఫ్ట్‌వేర్ మంచిదే, తప్పుగా అనుకోకు.

హైమత్తయ్య

తా.క.: రేపు నాకు ఉపవాసం. అయినా కుక్కరు పెడుతున్నాను. మామయ్యను పారాయణ వేళకు పడుకోమన్నాను. చేపలాయనకు కూడా కబురు పెట్టాను.