తుపాకి ఒకరికి, గుండ్ల అచ్చు ఒకరికి

టెన్నెసీ కొండల్లో, లారెల్ వాగు ఒడ్డున కాపురముంటున్న కెజయా ట్రింబుల్ అనే నేను, కీర్తిశేషులు ఏబ్నర్ ట్రింబుల్ భార్యను, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న, కాదు, నా చేత్తో నేనే రాస్తున్న ఆఖరి కాగితం ఇది. ఒంట్లో బలం పోయింది. బుర్ర మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువే బాగుంది, అదే నా కష్టం. పెద్ద పెద్ద మాటలు న్యాయాధికారి ప్రూయిట్ గారు చెప్పినవి. మిగతావి నావి. తప్పులుంటే నావే.

ఒకటి. భూమి సంగతి నా పెనిమిటి ఎప్పుడో తేల్చేశాడు. కొడుకులిద్దరికీ చెరి సగం. పెద్దవాడు ఈనక్ పోయాడు కనుక వాడి సగం వాడి భార్య మహాలాకీ, ఆడపిల్లలిద్దరికీ చెందుతుంది. దాని జోలికి నేను పోను.

రెండు. నా ఈకల పరుపు, రాట్నం, ఎర్రంచు బొంత నా తదనంతరం మనవరాళ్లిద్దరూ సర్వహక్కులతో అనుభవించవలసినది. బొంతలో నీలం ముక్కలు వాళ్ల నాన్న చిన్నప్పటి చొక్కావి. పిల్లలకి ఆ సంగతి ఎవరైనా చెప్పండి. మహాలా వల్ల కాదు.

మూడు. పక్క లోయలో ఉండే సోఫ్రోనియా గార్నెట్‌కి నా ఊరగాయ జాడీ మూత. జాడీ ఎప్పుడో పగిలింది. భూమి కోసం తమ్ముడే అన్నని చంపాడని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది ఆవిడే. మూత ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకే తెలియాలి. ఇది తీసేయమని ప్రూయిట్ గారు రెండుసార్లు అడిగారు. తియ్యను.

నాలుగు. ఇక ఏబ్నర్ తుపాకి. ఇది రాయడానికే కలం పట్టాను.

మా వైపు తండ్రి తుపాకి పెద్దకొడుక్కి పోతుంది. కొడుకులు పోట్లాడుకుంటారేమోనని ఏబ్నర్ దాన్ని నా పేర పెట్టిపోయాడు. చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకి అది. వానలో మందు తడిసి ఊరికే తుస్సుమనేది. పోయిన వేసవిలో ఈనక్ దుంగలు తెప్పగా కట్టి అమ్మడానికి నది దిగువకి పోయినప్పుడు, చిన్నవాడు మైకా దాన్ని తుపాకులు చేసే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి రాయి తీయించి, సుత్తి కింద, దెబ్బ తగిలితే నిప్పు చిమ్మే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చేలా మార్పించాడు. అన్న వచ్చి చూసి మురిసిపోతాడని. తప్పేముంది? ఊళ్లో అందరూ అదే చేయిస్తున్నారు.

తుపాకి దట్టించి గుమ్మం మీద కొక్కేలకి పెట్టడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. మైకా కూడా మా ఇంట్లో అలాగే పెట్టాడు. ఈనక్ ఇంటికొచ్చి, మూట దించి, ముందు దాన్నే కిందకి దించాడు. చిన్నప్పటినుంచీ అలవాటైన పనే చేశాడు. గొట్టం మూతికి నోరు పెట్టి, కాలితో సుత్తి వెనక్కి నొక్కి ఊదితే, గాలి అవతలికి పోతే ఖాళీ, పోకపోతే దట్టించి ఉన్నట్టు. చెకుముకి తుపాకిలో నిప్పురవ్వ పడే పళ్లెంలో మందు లేకపోతే ఏ భయమూ లేదు. పళ్లెమే లేదని వాడి కంటికి తెలిసిందో లేదో, కాలికి తెలియలేదు. సుత్తి కింద ఉన్న రాగి టోపీ వాడికి కనబడలేదు. కాలు జారి సుత్తి టోపీ మీద పడింది. నేను పిండి కలుపుతున్నాను.

మహాలా ఆ రోజు నన్ను ఒక్క మాటే అడిగింది. "అత్తా, దానికి టోపీ పెట్టించిందెవరు?" మళ్లీ మైకాతో మాట్లాడలేదు. పిల్లల్ని మా గుమ్మం తొక్కనివ్వదు. తుపాకిని నదిలో పారేస్తానంటుంది. మైకా తుపాకి ముట్టడు, వేటకి పోడు. "నాన్న వస్తువు నాన్న ఉంచినట్టు ఉంచితే అన్న ఉండేవాడమ్మా" అంటాడు, ఆ మాటే మళ్లీ మళ్లీ. పందులు తెగులొచ్చి పోయాయి. రెండిళ్లలోనూ మాంసం ముక్క లేదు. చలికాలం నెత్తిమీదుంది. నేను లేచి గిన్నె దించుకోలేను, వీళ్లనేం కలుపుతాను?

అందుకని తుపాకి, మందు పోసుకునే కొమ్ము, గుండుకి చుట్టే కొవ్వు రాసిన గుడ్డపేలికలూ మహాలాకి రాస్తున్నాను. పారేయకు తల్లీ. నీ గురి నా కొడుకులిద్దరికీ లేదని ఈనకే నలుగురిలో చెప్పుకునేవాడు. సిగ్గుపడకుండా చెప్పేవాడు. నా పాత ఎర్రావు కూడా నీదే. పాలివ్వడం తక్కువ, తన్నడం ఎక్కువ.

అయిదు. ఆ తుపాకి గుండ్లు పోసే ఇనప అచ్చు, సీసం కరిగించే గరిటె మైకావి. ఒక తుపాకి గొట్టానికి ఇంకో తుపాకి అచ్చు గుండు ఇమడదని మీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు గుండు పొయ్యి నాయనా, మహాలా కాలుస్తుంది. మాట్లాడుకోకపోయినా పరవాలేదు. గడప మీద పెట్టి వెళ్లు. అది తీసుకుంటుంది. పిల్లలకి తిండి దొరుకుతుంది.

ఇలా విడదీసి రాయొచ్చు గానీ, నువ్వు పొయ్యి, నువ్వు కాల్చు అని చట్టం ఎవర్నీ నిర్బంధించదని ప్రూయిట్ గారన్నారు. కమ్మరి ఒక్క పూటలో కొత్త అచ్చు తొలిచిస్తాడని కూడా అన్నారు. నేను కమ్మరికి కబురు పెట్టాను, మహాలా వస్తే చెయ్యొద్దని. "అవ్వా, అడిగినవాళ్లకి చెయ్యకపోతే నా పొయ్యి ఎలా వెలుగుతుంది?" అని జవాబు పంపాడు. వాడన్నది నిజమే. నా దగ్గర ఇంకేం లేదు, ఉన్నది రెండు ముక్కలు చేసి చెరొకటి ఇచ్చాను.

ఆరు. ఈ కాగితం జరిపించే బాధ్యత మైకాకీ మహాలాకీ కలిపి ఇస్తున్నాను. నన్ను ఈనక్ పక్కన పెట్టండి. ఆ రోజు నుంచీ ఎక్కడ తుపాకి మోగినా నా చేతిలో ఉన్నది కింద పడుతోంది. అయినా ఈ చలికాలం మన గట్టు మీద ఒక్కసారి మోగాలని దేవుణ్ణి అడుగుతున్నాను. మోగితే ఏం లాభమో కూడా తెలియదు. మైకా పోసిన గుండైనా, కొత్త అచ్చులో పోసిన గుండైనా చప్పుడు ఒకటే. మట్టి కిందినుంచి నాకు తేడా తెలియదు.

క్రీస్తు శకం 1843 నవంబరు తొమ్మిదో తేదీన నా చేవ్రాలు.

కెజయా ట్రింబుల్

సాక్షులు:
ఓబడయా ప్రూయిట్, న్యాయాధికారి
హోసియా లాంగ్లీ, పొరుగు రైతు