ఇరవై రెండో ఫారం

అమ్మాయికి,

మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ మీ మేనత్తా నేనూ క్షేమమే. అంటే ఆవిడ మోకాళ్ళనూ నా నోటినీ పక్కన పెడితే క్షేమమే. అక్కడ మీరు ముగ్గురూ బాగున్నారని మొదటి వరసలో రాసి, ఆరో వరసలో కత్తెర పట్టుకోలేకపోతున్నానని రాశావు. ఈ రెంటిలో దేన్ని నమ్మమంటావు?

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. చన్నీళ్ళలో చేతులు పెట్టడం వల్ల వచ్చిందా అన్నావు. కాదు. చలికి నొప్పి పెరిగినట్టు ఉంటుంది కానీ చలి ఈ జబ్బును తెప్పించదు. చిన్నప్పుడు మెటికలు విరిచేదాన్ని, అందుకేనా అన్నావు. అదీ కాదు. ఆ మాట మీ పెద్దమామయ్యది. మీ అమ్మ వేళ్ళు మొదటిసారి వాచినప్పుడు మన గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, అంతా మెటికల వల్లేనని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్ళాడు. పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. ఉన్నప్పుడు అననిచ్చాడా ఆయన? మన వీధి మూల మీద మందుల కొట్టువాడు ఇంకో మహానుభావుడు. డాక్టరు చీటీ లేకుండా మీ అమ్మకు రెండేళ్ళపాటు నొప్పి బిళ్ళలు పొట్లాలు కట్టి ఇచ్చాడు. వేళ్ళు తిన్నగా కాలేదు సరికదా, కడుపులో పుండు మిగిలింది.

ఇక నా వేళ్ళకు ఏ నూనె రాశానన్నది మూడో ప్రశ్న. నా నూనె నీకు పనికిరాదమ్మా. నాది అరుగుదల. నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టి, అట్టలు కోసి, వేళ్ళ చివరి కణుపులు అరిగి బొడిపెలు కట్టాయి. పొద్దున పది నిమిషాలు బిగుసుకుని వదిలేస్తాయి. పని చేసేకొద్దీ సాయంత్రానికి సలుపుతాయి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిడికిలి మెల్లగా మూసి తెరుస్తుంటాను. బొటనవేలికి పట్టీ కడతాను. మరీ సలిపితే డాక్టరు రాసిన పూతమందు రాస్తాను. అంతే నా వైద్యం.

నువ్వు రాసినది వేరు. రెండు చేతులకూ ఒకేలా, వేళ్ళ మొదటి కణుపులూ నడిమి కణుపులూ వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయన్నావు. పిల్లకు జడ వేయడానికి పిడికిలి వదిలేసరికి పొద్దున గంటన్నర పడుతోందన్నావు. ఊరికే నీరసంగా ఉంటోందన్నావు. వయసు మీద పడుతోందిలే అని అల్లుడుగారు అన్నారట. ముప్ఫై ఎనిమిదేళ్ళకు మీద పడే వయసేమిటో ఆయన్నే అడుగు. ఆయన్ని ఎక్కువ అనను. అనే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. నాలుగు రోజులుగా ఇక్కడిదాకా రాసి ఆపేస్తున్నాను.

మీ అమ్మకు సరిగ్గా ఇలాగే మొదలైంది. నీకప్పుడు పదకొండేళ్ళు. మన షాపులో ఎవరి పని వారికుండేది. పదహారేసి పేజీల ఫారాలు మడిచి కుట్టడం నాది. కుట్టే ముందు ఫారాల అడుగున ఉండే అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూడటం మీ అమ్మది. ఆవిడ చెయ్యి పడకుండా ఏ పుస్తకమూ కుట్టుకు వచ్చేది కాదు. ఆ నెలలో ఎవరిదో లావుపాటి వైద్యగ్రంథం మళ్ళీ బైండు చేయడానికి వచ్చింది. వేళ్ళు వంగడం లేదండీ, ఇవాళ్టికి ఆపుదాం అంది. "పని ఎగ్గొట్టడానికి వేళ్ళు బాగా దొరికాయి నీకు" అన్నాను. ఫారాలు లాక్కుని నేనే పేర్చాను. అంకెలు చూడలేదు. విప్పిన ఏ పుస్తకాన్నీ చదవకుండా కుట్టే అలవాటు నాకు లేదు కదా, కీళ్ళ నొప్పుల భాగం మొత్తం చదివేశాను. అందులో అరుగుదల గురించి ఉంది, కాలి బొటనవేలు వాచే గౌటు గురించి ఉంది. మీ అమ్మది అరుగుదలేనని నేనే తేల్చాను.

పక్కవీధి కుర్ర డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, ఇది అరుగుదల కాదు, పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి అన్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ చదువుతున్నానయ్యా నేను" అన్నాను. పాపం, తల వంచుకున్నాడు. ఆ గెలుపు నెల రోజులు చెప్పుకుని తిరిగాను.

మూడేళ్ళ తర్వాత ఏదో పుస్తకం వెన్నుకు అతికించడానికి చిత్తుకాగితాల దొంతరలోంచి ఒకటి లాగితే, ఆ రోజు నేను అంకెలు చూడకుండా పేర్చినప్పుడు జారిపోయిన, ఆ వైద్యగ్రంథంలోని ఇరవై రెండో ఫారం వచ్చింది. నిలబడే చదివాను. మన ఒంటి కాపలాయే మన కీళ్ళ మీద పడి కొరికే వాతం గురించి. పొద్దున గంటల తరబడి బిగుసుకోవడం, రెండు చేతులూ ఒకేలా వాచడం, అన్నీ మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టున్నాయి. మొదటి నెలల్లోనే మందు పడితే వేళ్ళు వంకర పోవనీ, ఆలస్యమైనా మందు మానకూడదనీ ఉంది.

అప్పటికే ఆవిడ వేళ్ళు పక్కకు వాలాయి. "ఏం దొరికిందండీ, అంతసేపు చదువుతున్నారు?" అని అడిగింది.

"ఏం లేదు. చిత్తుకాగితం" అన్నాను.

జిగురు రాసి ఆ ఫారాన్ని పుస్తకం వెన్నులో అతికించేశాను. చెబితే ఆ కుర్ర డాక్టరు గుమ్మం ముందు నిలబడాలి. మీ అమ్మ ముందు నిలబడాలి. నిలబడలేకపోయాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. చివరి రోజుల్లో మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకునేది. తెలిసి కూడా చూస్తూ ఊరుకున్నాను. ఇంతకాలం మీ పెద్దమామయ్యనూ మందుల కొట్టువాణ్ణీ తిట్టింది ఇందుకే. ఇద్దరూ తెలియక అన్నారు, తెలియక ఇచ్చారు. తెలిసి దాచింది నేనొక్కణ్ణే.

నీకూ అదే జబ్బని నేను అనడం లేదు. ఒకసారి వైద్యం చెప్పాను, చాలు. చూసి చెప్పాల్సింది కీళ్ళ డాక్టరు. రక్తపరీక్షలు చేస్తారు, ఎక్స్‌రే ఫొటోలు తీస్తారు. పరీక్షలో ఏమీ కనపడకపోయినా వాపు ఉంటే మళ్ళీ రమ్మంటారు, వెళ్ళు. జబ్బును అణిచే మందు ఇస్తే పని చేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో మానకు. అమ్మకు కూడా ఇలాగే ఉండేదని తప్పకుండా చెప్పు. ఈసారి ఆ మాట దాచేవాడు ఎవడూ లేడు.

దీనికి ఏం జవాబు రాయాలో నీకు తోచదు. నన్ను తిట్టడానికి కూర్చుంటే ఒక పూట పడుతుంది. ఆ పూట ఆసుపత్రికి పెట్టు. తిట్లు ఎక్కడికీ పోవు, నేనూ ఎక్కడికీ పోను.

ఇట్లు,
మీ నాన్న