బావా, నువ్వు చేసిన ఫోను

బావకి,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నా కుడి చెప్పు ఉంగటం తెగినది, కుట్టించడమైనది.

ఇక చిన్న సంగతి. నీ కూతురు కుస్తీ పోటీల్లో ఫైనల్ గెలిచింది. మెడలో పతకం ఉంది, ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్కని నిశ్చింతగా నిద్రపొమ్మను.

ఫైనల్‌కి ముందు మాత్రం నా ప్రాణాలు తోడేసింది. బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద కూలబడి, "నాన్న వద్దన్నా వచ్చాను మామయ్యా. ఓడిపోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను? నేను ఆడను" అంది. అప్పుడు నీ ఫోను సంగతి చెప్పాను.

"ఇప్పుడే మీ నాన్న మాట్లాడాడే. గెలిచినా ఓడినా తిన్నగా ఇంటికి రమ్మన్నాడు."

"నాన్నేనా?" అని రెండుసార్లు అడిగి, ముక్కు తుడుచుకుని బరిలోకి దిగింది. మన లాండ్రీలో తడి దుప్పటి పిండే పద్ధతిలోనే అవతలి పిల్ల నడుం పట్టి మెలితిప్పింది. ఆ పిల్ల భుజాలు రెండూ నేలకి ఆనేదాకా వదల్లేదు. నేను ఏడ్చిన మాట అక్కకి చెప్పకు.

అక్క మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు మీ ఇంట్లో మరిచాను, వాడి వాడి దాన్ని నీదనుకోకు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాం. అక్కకి నా నమస్కారాలు, నీకు అందులో సగం.

రాగానే అది నీ ఫోను గురించే అడుగుతుంది. ఆ ఫోను ఆసాంతం నా కల్పన. తలుపు తీసి, చేశానని ఒక్క మాట అనెయ్యి బావా.

నీ బావమరిది