అక్క మోచేతి మీద వేడినీళ్ళు

ఫిబ్రవరి 3
చూశాను. అక్క మోచేతి మీద తెల్లటి పొలుసులు. ఈ ఇంటి పెద్దకోడలికి! అచ్చం నాకు వచ్చినవే. ఈ ఎండలో పొడుగు చేతుల జాకెట్టు ఎందుకా అనుకుంటున్నా... బావిగట్టున గుడ్డలు పిండుతుంటే పైకి జరిగింది. చటుక్కున లాక్కుంది. పశువుల కొట్టంలోకి వెళ్ళి నవ్వుకున్నా. కడుపులో మంట కాస్త చల్లారింది.

ఫిబ్రవరి 4
నాకు వచ్చినప్పుడు ఈవిడే కదా అరుగు మీద విస్తరి వేసింది. నా తువ్వాలు వేరే తీగ మీద. అంటుకునే జబ్బు కాదని కొత్తగూడెం డాక్టరు చెప్పినా వినలేదు. "డాక్టర్లకేం తెలుసు అమ్మాయ్, పసిపిల్ల ఉన్న ఇల్లు." నా కూతురు సుజాతని తన గదిలో పడుకోబెట్టుకుంది. తనకు పిల్లల్లేరు. నా ఒళ్ళు నున్నబడి ఏడాది దాటింది, కూతురు మాత్రం తిరిగి రాలేదు. ఆవిణ్ణి అమ్మా అంటుంది. నన్ను ఏమనీ పిలవదు. జడ వేస్తానని దగ్గరికి పోతే తల పక్కకి తీసుకుంటుంది. మిగతావన్నీ మరిచిపోతానేమో, ఇది మాత్రం కాదు.

ఫిబ్రవరి 6
అక్క తనే వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి — "నువ్వు పోయి తగ్గించుకొచ్చిన ఆ వేడినీళ్ళు... భద్రాచలం అవతల కదూ?"
"ఏ నీళ్ళక్కా?"
నోటితో చెప్పించాను. జాకెట్టు చెయ్యి పైకి తీయించాను. తీసుకెళతానన్నా. ఒక్కటే షరతు — సుజాత కూడా రావాలి. చూడనీ. ఆ అమ్మ చేతులు చూసి జడుసుకోనీ.

ఫిబ్రవరి 8
జీపు మాట్లాడాం. అత్తగారికి రాముడి దర్శనమని చెప్పింది అక్క. నేను నోరు మెదపలేదు. తిరిగొచ్చాక మెదుపుతా.

ఫిబ్రవరి 11
పాల్వంచ దాటాక అడవి, దుమ్ము. అక్క కొంగు ముక్కుకి. సుజాత ఆవిడ ఒళ్ళో. వంతెన దాటి గుండాల దగ్గర ఆపాడు డ్రైవరు — "ఇసుకల బండి దిగబడ్తదమ్మా. గిక్కడి నుంచి నడవాలె."

గోదావరి సన్నబడి ఎక్కడో అవతల పారుతోంది. ఇవతలంతా ఇసుక. అక్కడ గుంటలు తవ్వి నీళ్ళు పోసే లచ్చక్క గుంట తవ్వింది, అప్పుడు నాకు తవ్వినట్టే. కాస్త లోతు పోయేసరికి నీళ్ళు ఊరాయి, పొగలు కక్కుతూ. నన్ను గుర్తుపట్టింది. నా చెయ్యి తడిమి చూసి చెంబు అందించింది.

"నువ్వే పొయ్యాలె బిడ్డా. ఇంట్ల నయమైనోళ్ళుంటే వాళ్ళ చేత్తోనే పోసి రుద్దాలె. లేకుంటే గుణం రాదు."

నాకప్పుడు ఇంట్లో అలాంటివాళ్ళు లేరు కాబట్టి లచ్చక్కే పోసింది.

అక్క గుంటలో కూర్చుంది. జాకెట్టు మడిచి రెండు చేతులూ నా ముందు చాపింది. ఆహా... చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డా. "ముట్టుకోమంటావా అక్కా? అంటుకుంటుందేమో, పసిపిల్ల ఉన్న ఇల్లు" అన్నా. తల దించుకుంది. ఏడ్చింది. ఇంకా నిలబడ్డా. ఎంతసేపైనా నిలబడేదాన్నే.

సుజాత వచ్చి నా చేతిలోంచి చెంబు లాక్కుంది. జడుసుకోలేదు. పరికిణీ తడుస్తున్నా గుంటలోకి దిగింది. ఆ పొలుసుల మీద నీళ్ళు పోసి చిన్న అరచేత్తో రుద్దింది. "మండుతోందా అమ్మా?"

అంటే... జబ్బుకి భయపడి కాదన్నమాట నన్ను వదిలేసింది.

తిరుగుదారిలోనూ సుజాత ఆవిడ ఒళ్ళోనే.

ఫిబ్రవరి 12
అక్క జబ్బు సంగతి అత్తగారికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పిల్ల ఆవిడ వైపే ఇంకాస్త జరుగుతుంది. కానీ ఆ జబ్బు తగ్గకూడదు. చేతులంతా పాకాలి, మెడ మీదికి పాకాలి. ఇలా రాయకూడదని తెలుసు. రాశాను.

ఫిబ్రవరి 20
పాకింది. ముంజేతి దాకా. "నువ్వు పొయ్యలేదు కాబట్టే" అంది అక్క, గోడ వైపు చూస్తూ. అవునన్నా. పూటుగా అన్నం తిన్నా.

ఫిబ్రవరి 23
పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నా. సుజాత వచ్చి పక్కన నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. తనంతట తనే. గట్టిగా.

"మళ్ళీ ఆ నీళ్ళకి వెళదాం. నువ్వు పోస్తేనే అమ్మకి తగ్గుతుందంట. పొయ్యవా పిన్నీ?"

రెండో చేత్తో మిరపకాయలు నెరుపుతూనే ఉన్నా. తను పట్టుకున్న చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.