అడిగింది మల్లయ్య

ఆదివారం, సిరిసిల్ల

ఎంత సంతోషమో ఈరోజు. భర్త పోయినప్పటి నుంచి మౌనంగా ఉన్న నా బిడ్డ లక్ష్మి మాట్లాడింది. మా వాడలో సంఘం వాళ్లు గోడకు తెల్లగుడ్డ కట్టి, ఎవరి మనసులో ఉన్నది వాళ్లను గీయమన్నారు. లక్ష్మి మగ్గం మీది బట్టను గీసింది, నడుమ ఒక పోగు తెగి ఉంది.

"పోగు తెగింది బిడ్డా, అతుకు" అన్నాను.

పక్కింటి మల్లయ్య నవ్వాడు. "నీకు బట్టే కనవడ్తది అన్నా, బిడ్డ కనవడదు. ఎట్ల తెగింది బిడ్డా?"

అంతే, ఏడుస్తూ అన్నీ చెప్పింది, వాడికి. కన్నతండ్రిని, రంగు డబ్బా పట్టుకొని పక్కనే నిలబడ్డాను. దాని గొంతు విన్నాను, నా జన్మ ధన్యమైంది. కానీ మల్లయ్యను తలుచుకుంటే కడుపు మండుతోంది.

ఇంటికి వస్తుంటే, "రేపు నువ్వు గూడ గీయి బాపూ, నేనడుగుత" అంది.

గీస్తాను. మల్లయ్య రాకముందే గీస్తాను.