కడుపులో ఇద్దరు కిరాయిదార్లు

అక్టోబరు 3, 2010, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి నాగల్‌గిద్ద నుంచి అన్న ఫోను. వదిన మళ్లీ రొట్టె ముట్టడం లేదట. తింటే మంట, తినకపోతే అంతకన్నా మంట. "నువ్వొచ్చి చెప్పు రూతూ, నా మాట ఇనదు." నా మాట మాత్రం ఎప్పుడు విన్నది... కానీ మందులు వాడుతోంది కదా. పట్నం డాక్టరు కడుపులోకి గొట్టం వేసి చూసి, పుండు ఉందని చెప్పి ఇచ్చినవి. తగ్గాలి కదా?

అక్టోబరు 5

కాలేజీకి సెలవు పెట్టి వెళ్లొచ్చాను. వదిన వాకిట్లో పెసలు చెరుగుతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. చేట మాత్రం ఆగదు.

"గోలీలేవి వదినె?"

"ఏ గోలీలు? పురుగు పడ్డది గదనే."

డాక్టరు "కడుపులో పురుగుంది, దానివల్లే పుండు" అన్నాడు. ఈమె ఊరికి రాగానే మెడికల్ షాపులో పురుగుల గోలీ అడిగి మింగింది. మర్నాడు నిజంగానే పడింది. చేట పక్కన పెట్టి, చేతులు చాపి పొడుగు చూపించింది. "కోళ్లు సుత బెదిరినయి పిల్లా!"

"మరి డాక్టరిచ్చినవి?"

"పురుగే పోయినంక గవెవరికి? డాక్టరుకా?"

మందుల అట్టపెట్టె బైబిలు పక్కన అలాగే ఉంది, సీలు తియ్యకుండా. నవ్వాను. ఆమె కూడా నవ్వింది, పొట్ట పట్టుకుని. తర్వాత అడిగాను, పురుగు పడ్డాక మంట తగ్గిందా అని.

"తగ్గుడా! అప్పట్నించే ఎక్కువైంది. గదే పరేషాన్."

అక్టోబరు 6

డాక్టరు అన్న పురుగు బాక్టీరియా. వదిన విన్న పురుగు ఏలికపాము. ఆ పేరు నేను క్లాసులో తప్ప ఎక్కడా వినలేదు. ఊళ్లో అన్నీ పురుగులే. కందుల్లోదీ పురుగే, పంటిలోదీ పురుగే, చీకటి పడితే పామూ పురుగే. డాక్టరు అబద్ధం చెప్పలేదు. వదిన తప్పు వినలేదు.

కానీ పురుగు పడ్డాక మంట ఎందుకు పెరిగింది? అక్కడే ఆగిపోతున్నాను.

అక్టోబరు 9

బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్. పక్క కుర్చీల్లో కుర్రాళ్లు క్రికెట్ స్కోరు, నేను ఎలుకల కడుపులు.

అర్థమైనంత వరకు — బాక్టీరియా కడుపు గోడకు అంటుకుని ఉంటుంది. దాన్ని తరమడానికి ఒళ్లే అక్కడ మంట రాజేస్తుంది. ఆ మంటకు బాక్టీరియా చావదు, గోడ కాలుతుంది. పేగుల్లో పురుగులు కూడా ఉంటే అవి తమ బతుకు కోసం ఒంటి కోపాన్ని చల్లారుస్తాయట. ఆ చల్లదనం పైనున్న కడుపుకూ అందుతుందట. ఎలుకల్లో చూశారు. బాక్టీరియా అలాగే ఉంది, గోడ మాత్రం అంతగా కాలలేదు.

చిన్నప్పుడు మా వాడలో ఒక పంచాయితీ పెద్ద ఉండేవాడు. అన్నదమ్ముల తగాదా తీర్చడు, ముదరనివ్వడు. ఇద్దరిళ్లలోనూ తింటాడు. అతను పోయాక గానీ కర్రలు లేవలేదు.

వదిన కడుపులో జరిగింది అదేనా? లేక నాకు కథ కావాలి కాబట్టి కథ దొరికిందా...

అక్టోబరు 11

డాక్టరుతో ఫోనులో మాట్లాడాను. నవ్వాడు. "అయ్యుండొచ్చు, జువాలజీ మేడమ్. కాకనూ పోవచ్చు. అసలు మందే మొదలుపెట్టలేదు కదా, పుండు పెరగదా? ఒక్క మనిషి మీద శాస్త్రం కట్టకండి." తర్వాత — "అయితే ఏమంటారు, పురుగుల్ని మళ్లీ పెంచుదామా?" అవి తినేదీ ఆమె తిండేనట. రెండూ పోవాల్సిందే.

ఫోను పెట్టే ముందు గొంతు మారింది. రెండు వారాలూ పూర్తిగా వాడాలి. సగంలో ఆపితే బాక్టీరియా మందుకు లొంగదు. పుండు నెత్తురు కారేదాకా రానివ్వొద్దు.

అక్టోబరు 12

బందు. బస్సులన్నీ డిపోలోనే. అన్న బండి మీద వదినను ఎక్కించుకుని, రెండు చోట్ల బందువాళ్లు ఆపితే బతిమాలుకుని, మందులు నా కళ్లముందే మింగాలని మా ఇంటికి తెచ్చి దింపాడు. అట్టపెట్టె ఆమె సంచిలోనే ఉంది. తేవడమైతే తెచ్చింది.

అక్టోబరు 13

సూక్ష్మజీవి అన్నాను. "గదేంది, సర్కారు స్కీము పేరు లెక్కుంది."

కంటికి కనపడని పురుగు అన్నాను.

"అంటే నా కడుపుల ఇద్దరు కిరాయిదార్లున్రా? పెద్దోణ్ని నేనే ఎల్లగొట్టిన. చిన్నోడు గిప్పుడు ఆగం చేస్తుండు. గంతేనా?"

అంతే. నేను మూడు రోజులు చదివింది అంతే. అది నిజమో కాదో తెలియదని కూడా చెప్పాను. "నీకేదన్నా తెలుస్తదానే?" అంది. కానీ గోలీ నోట్లో వేసుకుంది.

అక్టోబరు 17

నోరంతా రాగిచెంబు నాకినట్టుందట. గోలీ చూపిస్తే "సాకు, సాకు" అంటుంది. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు, వాళ్ల కన్నడలో చాలు అని. ఆమె చాలంటోంది, నాకేమో సాకులు చెబుతున్నట్టు వినిపిస్తోంది. ఇవాళ గట్టిగా అరిచాను. తర్వాత ఇద్దరం ఒకే కంచంలో మెత్తన్నం, మజ్జిగ.

అక్టోబరు 18

వేసుకుంది. నేను అడగకముందే.

అక్టోబరు 26

ఇవాళ్టితో బాక్టీరియా మందులు ఆఖరు. మంట తగ్గించే గోలీ ఒక్కటే ఇంకొన్నాళ్లు. పొద్దున రెండో రొట్టె అడిగింది. రెండోది! చేతులు సబ్బుతో కడుక్కోమంటే "గిప్పుడు నీ క్లాసు పిల్లనైన" అని విసుక్కుంటూనే కడుక్కుంది. పొట్ట మీద చెయ్యి లేదు. ఇది ఇప్పుడు, రాస్తుంటే గుర్తొచ్చింది... రోజంతా లేదు.

నవంబరు 21

నాగల్‌గిద్దలో కంది పూసిందట. ఊరికి తిరిగెళ్లిన వదిన చర్చిలో నిలబడి "నా కడుపుల చిన్న కిరాయిదారు కాలీ చేయాలె, ప్రార్థన చేయిండ్రి" అని అడిగిందట. పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదని అన్న ఫోనులో ఒకటే నవ్వు.

నవంబరు 29

బాక్టీరియా పోయిందో లేదో చూసే పరీక్షకు ముందు మంట తగ్గించే గోలీ కూడా ఆపాలన్నారు. ఆపాం. ఇన్నాళ్లూ తగ్గింది జబ్బా, ఆ గోలీ కప్పిపెట్టిన మంటా? వదినకు ఫోను చేస్తే — "జరంత ఉన్నట్టుంది... లేదులే." ఈ రెండు మాటల్లో ఏది నమ్మను?

డిసెంబరు 6

పట్నం. దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను.

బస్సులో దారి పొడుగునా ఏదో వాసన. దిగాక మూట విప్పి చూపించింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. డాక్టరు వద్దన్నప్పటి నుంచి ఆమె తొక్కు ముట్టలేదు.

"చిన్నోడు లేడన్నడనుకో, గీ మెట్ల మీదనే కూసోని తింట."

"ఉన్నాడంటే?"

"నువ్వు తిను. నీ కడుపుల కిరాయిదార్లు లేరు గద." మూట నా ఒళ్లో పెడుతూ — "ఏమో, ఉన్నరేమో. నువ్వు సుత చూపిచ్చుకోరాదు?"

పేరు పిలిచారు. చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది. వెనక్కి చూడలేదు.

మూట నా ఒళ్లో ఉంది. తొక్కు ఘాటుకు కళ్లు చెమరుస్తున్నాయి... తొక్కు ఘాటుకే.

తలుపు ఇంకా తెరుచుకోలేదు.